ఏడంగుళాల ఖరీదు ఎంత?

(తెల్లాపూర్‌లో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ప్రతి ఏటా చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో, పెళ్ళి ఖర్చుల గురించో మాట్లాడుకోవడం ఆనవాయితీ. కార్యదర్శిగారు వచ్చి ఈసారి నన్ను విమానం సీట్ల మీద మాట్లాడమంటే ముందు హాస్యమాడుతున్నారనుకున్నాను. ఆయన నవ్వలేదు. "భాయ్ సాబ్, మన సభ్యుల్లో పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో లేని ఇల్లు ఎన్ని ఉన్నాయి? కాన్పు అంటే తల్లి వెళ్ళాలి, గృహప్రవేశం అంటే తండ్రి వెళ్ళాలి. టికెట్టు కొనే రోజున ప్రతి ఇంట్లోనూ ఒకటే పేచీ. ఎకానమీనా, ప్రీమియం ఎకానమీనా అని. మీరు ఆ రెండూ చూసి వచ్చారు, పైగా ఆ సంగతిలో దెబ్బ కూడా తిన్నారు. మీరే చెప్పాలి" అన్నారు.

ఆయన అన్నది నిజమే. నేను దెబ్బ తిన్న మాట వాస్తవం. నిజానికి దెబ్బ తిన్నది నేను కాదు, మా ఇంటావిడ.

నేను విమానాల పండితుణ్ణి కాను. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో ముప్పై నాలుగేళ్ళు కొలతలు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. టేపు, వెర్నియర్ నా చేతికి అలవాటు. ఏ వస్తువైనా ఎదురుగా కనబడితే ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని మనసు తనంతట తానే లెక్క వేస్తుంది. కనుక కొలతల దగ్గరే మొదలు పెడతాను.

ఎకానమీ తరగతిలో వరసకూ వరసకూ మధ్య దూరాన్ని పిచ్ అంటారు. సాధారణంగా అది 31 లేక 32 అంగుళాలు ఉంటుంది. ప్రీమియం ఎకానమీలో 38 అంగుళాలు, కొన్ని కంపెనీల్లో 40 దాకా కూడా ఉన్నది. అంటే మనం ఇన్ని వేల రూపాయలు ఎక్కువ పోసి కొనేది ముఖ్యంగా ఏడంగుళాలు. ఇక వెడల్పు చూస్తే ఎకానమీలో 17 నుంచి 18, ప్రీమియంలో 19 అంగుళాల దరిదాపుల్లో. వీపు వాల్చుకోవడం ఎనిమిదంగుళాల దాకా వీలవుతుంది.

పిచ్ అనగానే అంత చోటూ మన కాళ్ళకే అనుకోకండి. ముందు సీటు మీద ఒక బిందువు దగ్గర నుంచి మన సీటు మీద అదే బిందువు దాకా కొలిచేదే పిచ్. అందులో సీటు వీపు మందం కూడా కలిసిపోతుంది. మన తెల్లాపూర్ వాళ్ళకు ఇది చిటికెలో అర్థం కావాలి. ఫ్లాటు అమ్మేవాడు సూపర్ బిల్టప్ ఏరియా చెబుతాడు, లోపలికి వెళ్ళి చాప పరిస్తే కార్పెట్ ఏరియా తేలుతుంది. పిచ్ అనేది సూపర్ బిల్టప్. మోకాలికి మిగిలేది కార్పెట్ ఏరియా.

ఇంకో లెక్క. పెద్ద బోయింగ్ 777 విమానంలో ఇప్పుడు చాలా కంపెనీలు ఎకానమీ వరసకు పది సీట్లు వేస్తున్నారు, మూడు, నాలుగు, మూడు చొప్పున. పూర్వం అదే విమానంలో తొమ్మిదే ఉండేవి. అదే విమానంలో ప్రీమియం అయితే వరసకు ఎనిమిది, రెండు, నాలుగు, రెండు. వరసకు పదికి బదులు ఎనిమిది, 31 అంగుళాలకు బదులు 38. ఈ రెండూ కలిపి హెచ్చవేస్తే ప్రీమియంలో కూర్చున్న మనిషి విమానం నేలలో ఎకానమీ మనిషికి ఒకటిన్నర రెట్లు చోటు ఆక్రమిస్తాడు. ఎయిర్‌బస్ 350లో ఎకానమీ వరసకు తొమ్మిదే గనుక అక్కడ ఈ తేడా 1.4 రెట్ల లోపే వస్తుంది. నేను చెప్పేదేమంటే, గజాల లెక్కన భూమి కొన్నవాళ్ళం మనం. ఎకానమీ లక్ష రూపాయలనుకుందాం. ప్రీమియం లక్షన్నర అడిగితే వాడు స్థలానికి స్థలం ధర అడుగుతున్నాడు, అది న్యాయమైన బేరం. రెండు లక్షలు అడిగితే ఆ పైన యాభై వేలు స్థలానికి కాదు. కొంచెం మంచి పళ్ళేనికి, కొంచెం మంచి దుప్పటికి, ముందుగా ఎక్కనిచ్చినందుకు, ఆ పేరుకు. ధర రోజు రోజుకూ మారుతుంది కాబట్టి ఈ లెక్క కాగితం మీద వేసుకుని అడగండి. లక్షా పాతిక వేలకు వచ్చే రోజులు కూడా ఉంటాయి.

ఈ మధ్య తరగతి కొత్తదేమీ కాదు. తైవాన్ వాళ్ళ ఎవా ఎయిర్, ఇంగ్లండు వాళ్ళ వర్జిన్ అట్లాంటిక్ 1990ల మొదట్లోనే ప్రారంభించాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో పెట్టింది. మన దేశంలో విస్తారా 2015లో దేశీయ విమానాల్లోనే పెట్టింది, ఆ కంపెనీ 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఎయిర్ ఇండియా తన అమెరికా విమానాల్లో 2023లో మొదలుపెట్టింది. మన శంషాబాద్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్‌కు 2008 నుంచి నడుస్తున్నది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో, ఆమ్‌స్టర్‌డామ్‌కు కె.ఎల్.ఎమ్. 2025 సెప్టెంబరులో వచ్చాయి. ఈ మూడు కంపెనీల్లోనూ ప్రీమియం ఎకానమీ ఉంది. గల్ఫ్ కంపెనీల్లో ఎమిరేట్స్ 2022 నుంచి ఈ తరగతి టికెట్లు అమ్ముతున్నది, అదీ అన్ని విమానాల్లో లేదు. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఈ తరగతే లేదు. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి నేరుగా చికాగోకు ఒక విమానం మొదలైతే మా వీధిలో మిఠాయి పంచినవారు కూడా ఉన్నారు. అది కొంతకాలం నడిచి ఆగిపోయింది.

ఇక మా సంగతి.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. మొదటి కాన్పుకు మేమిద్దరం బయలుదేరాం. గల్ఫ్ మీదుగా ప్రయాణం. ఇక్కడి నుంచి అక్కడికి నాలుగు గంటలు, అక్కడి నుంచి డల్లాస్‌కు పదహారు గంటలు. అమ్మాయి ఫోనులో "అబ్బా, ప్రీమియం తీసుకోనా?" అని అడిగింది. నేనేమన్నానో మీలో చాలామంది తండ్రులకు తెలుసు, మీరూ అదే అని ఉంటారు. "ఎందుకమ్మా, సీటు సీటే కదా, అందరూ ఒకేసారి దిగుతారు. ఆ డబ్బు బిడ్డకు ఉంచు." ఈ మాట అనేటప్పుడు నాకు గర్వంగా కూడా ఉన్నది. మా ఇంటావిడను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పైగా ఆమెకు గౌరవం చేస్తున్నాననుకుని కిటికీ పక్క సీటు ఇచ్చాను. మేఘాలు చూస్తుందని. మధ్యలో నేను, నడవా పక్కన ఒక భారీ మనిషి. ఆయన భోజనం కాగానే నిద్రపోయారు, తొమ్మిది గంటలు కదలలేదు. మా ఆవిడ ఎవరినీ ఇబ్బంది పెట్టే మనిషి కాదు. బాత్రూముకు వెళ్ళాలంటే ఆయన్ను లేపాలి. లేపడానికి మొహమాటం. అందుకని నీళ్ళు తాగడం మానేసింది. "దాహం లేదండీ" అన్నది రెండుసార్లు, నేను నమ్మాను. పదహారు గంటల్లో ఒక్కసారే లేచింది. ఆమె ఎత్తు అయిదడుగులు. సీటులో వెనక్కి ఆనుకుంటే పాదాలు నేలకు సరిగా ఆనవు, సీటు అంచు మోకాలి వెనక నొక్కుతూ ఉంటుంది. ఇదంతా నాకు అప్పుడు తట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇనుప ముక్కలకు కొలతలు చూశాను గాని పక్కనున్న మనిషికి చూడలేదు.

దిగేటప్పటికి చెప్పుల్లో పాదాలు పట్టలేదు. మర్నాటికి ఎడమ పిక్క గట్టిపడి నొప్పి. అమ్మాయి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. స్కానింగులో పిక్క నరంలో రక్తం గడ్డ కట్టినట్టు తేలింది. మూడు నెలలు రక్తం పలచబరిచే మందులు వాడింది. అల్‌హమ్‌దులిల్లాహ్, గడ్డ పైకి, ఊపిరితిత్తులకు పోలేదు. మనవణ్ణి ఎత్తుకోవడానికి వెళ్ళిన మనిషి మొదటి పది రోజులు మంచం మీద కూర్చుని బిడ్డను చూసింది.

ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు నాకు బాగా జ్ఞాపకం. ఎన్ని గంటలు కూర్చున్నారు? ఎన్నిసార్లు లేచారు? కిటికీ పక్కనా, నడవా పక్కనా? నీళ్ళు ఎన్ని తాగారు? మీ ఎత్తెంత? ఆమె అడగని ప్రశ్న ఒకటే, టికెట్టు ఏ తరగతి అని. నేనే ఉండబట్టలేక, ప్రీమియం కొని ఉంటే ఇలా కాకపోయేదా అని అడిగాను. అలా చెప్పడానికి లేదన్నది. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది కూడా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణంలో ఈ గడ్డ కట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుంది. అయినా అది ఆరోగ్యవంతుల్లో ఆరువేల మందిలో ఒకరికి వచ్చే సంగతే కాబట్టి ఎవరూ హడలిపోనక్కర్లేదు. విమానమే కాదు, బస్సు, రైలు, కారు, అన్నింటిలోనూ ఇదే. అయిదడుగుల మూడంగుళాల కంటే పొట్టిగా ఉన్నవారికి, ఆరడుగుల మూడంగుళాలకు పైన పొడుగున్నవారికి ప్రమాదం ఎక్కువ అని కూడా తేలింది. 2012లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘం వారు ఇచ్చిన సూచనల్లో, ఎకానమీలో కూర్చున్నందువల్ల వస్తుందనడానికి రుజువు లేదనీ, కిటికీ పక్క కూర్చున్నవారు లేవకపోవడం వల్ల ప్రమాదం పెరుగుతుందనీ చెప్పారు. ఎకానమీ జబ్బు అని పేరు పెట్టారు గాని అది కదలకపోవడం వల్ల వచ్చే జబ్బు.

మన ఆడవాళ్ళలో అయిదడుగుల మూడంగుళాలు దాటినవారు ఎందరు? పొడుగు మనిషికే చోటు కావాలి, పొట్టి మనిషికి ఏ సీటైనా సరిపోతుంది అనుకుంటాం. అది తప్పు లెక్క. పొట్టి మనిషికి కావలసింది ముందు చోటు కాదు, పాదం కింద ఆధారం.

నాలుగు నెలలకు తిరుగు ప్రయాణం. అమ్మాయి ఈసారి నన్ను అడగలేదు, వాళ్ళ అమ్మీకి ప్రీమియం కొన్నది. ఇద్దరికీ కొనాలంటే చాలా అవుతుందని నేనే పట్టుబట్టి నాకు ఎకానమీ అన్నాను. ఏమంటే, ఈ మాట కూడా గర్వంగానే అన్నాను. ప్రీమియంలో పాదాల కింద ఆధారం ఉన్నది, పిక్కల కింద పైకి లేచే పలక ఉన్నది, ఎదుటివాడు వీపు వాల్చినా మోకాలికి తగలదు. అంతా బాగానే ఉన్నది. కాని ఆమె పక్కన ఎవరో తెలియని మనిషి. నేను తెర అవతల పదిహేను వరసల వెనుక. రెండుసార్లు చూడటానికి వెళితే మీ సీటుకు వెళ్ళండి అని మర్యాదగానే పంపించారు. మూడోసారి ఒక పెద్దావిడ దయతలచి వెళ్ళనిచ్చింది. వెళ్ళి చూద్దును గదా, మా ఆవిడ కాళ్ళు పైకి చాచి, ఒళ్ళో భోజనం బల్ల విప్పి, కట్టేసినట్టు కూర్చుని ఉన్నది! ఆ సీట్లలో బల్ల చేతి దిమ్మెలో మడిచి ఉంటుంది, కాళ్ళ పలక ఒక మీటతో దిగుతుంది. ఏది ఎట్లా దించాలో తెలియలేదు, ఇంగ్లీషులో అడగడానికి నోరు రాలేదు. భోజనమయ్యి మూడు గంటలు. అప్పటిదాకా లేవలేదు. అంత డబ్బు పోసి కొన్నది సుఖంగా కదలకుండా కూర్చోవడమా అనిపించింది. నేను వచ్చి మీట నొక్కితే నవ్వాపుకోలేక, "మీరు లేకపోతే ఈ సింహాసనం నాకెందుకండీ" అన్నది. ఇక్కడ ఆడవాళ్ళు నవ్వుతున్నారు, మగవాళ్ళు కూడా వినండి.

అప్పటి నుంచి నేను వేసుకున్న వరస ఇది. మొట్టమొదట కావలసింది నడవా పక్క సీటు. దాని తర్వాత పక్కనే మన మనిషి. ఆ తర్వాత, డెబ్బై దాటినవారైతే దారిలో ఒక రాత్రి విశ్రాంతి. ఈ మూడూ సమకూరిన తర్వాతనే ప్రీమియం మాట. భార్యకు ముందు, భర్తకు వెనుక అనే ఏర్పాటు త్యాగంలా కనబడుతుంది గాని ఇద్దరికీ నష్టమే. ఇద్దరికీ ఎకానమీ, లేదా ఇద్దరికీ ప్రీమియం.

దారి అంతటికీ ఒకే తరగతి కొనక్కర్లేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. నాలుగు గంటల గల్ఫ్ ముక్కకు ఎకానమీ, పద్నాలుగు, పదహారు గంటల ముక్కకు ప్రీమియం కలిపి ఒకే టికెట్టుగా ఇచ్చే కంపెనీలున్నాయి, అడగాలి. విమానం రకం కూడా అడగాలి. పేరు అదే, విమానం మారితే ఆ తరగతే ఉండకపోవచ్చు. జెద్దాకు వెళ్ళేవారికి ఇది ఆరు గంటల లోపు ప్రయాణం. దానికి ప్రీమియం గురించి తలనొప్పి పెట్టుకోనక్కర్లేదు, నడవా సీటు చూసుకుంటే చాలు.

పిల్లలు మంచి బుద్ధితో చేసే పొరపాటు ఒకటున్నది. కాళ్ళు చాచుకోవచ్చని తల్లిదండ్రులకు అత్యవసర ద్వారం పక్క సీటు కొంటారు. ఆపద వస్తే ఆ తలుపు తీయగల శక్తి ఉన్నవారికే ఆ సీటు ఇస్తారు. మోకాళ్ళ నొప్పులవారిని, చక్రాల కుర్చీ అడిగినవారిని అక్కడి నుంచి లేపి వేరేచోట కూర్చోబెడతారు. చక్రాల కుర్చీకీ టికెట్టు తరగతికీ సంబంధం లేదు, ముందుగా అడిగి పెట్టుకుంటే ఎకానమీవారికీ ఇస్తారు. ఆవకాయ జాడీలు పట్టుకెళ్ళే తల్లులు కూడా వినాలి. అమెరికాకు రెండు తరగతుల్లోనూ చాలా కంపెనీలు ఇచ్చేది 23 కిలోల పెట్టెలు రెండే, ప్రీమియం కొన్నంత మాత్రాన మూడో పెట్టె రాదు. భోజనం సంగతి కూడా అంతే. యూరప్ కంపెనీలో వెళ్ళేవారు ముస్లిం మీల్ అని కనీసం ఒకరోజు ముందు చెప్పి ఉంచాలి, ప్రీమియంలోనైనా చెప్పకపోతే రాదు.

అందరికీ తెలియని ఇంకో రహస్యం, ప్రీమియం సీట్ల మధ్య చేతి దిమ్మెలు చాలావాటిలో పైకి లేవవు. ఎకానమీలో లేస్తాయి. రద్దీ లేని రోజుల్లో పక్క రెండు సీట్లు ఖాళీగా దొరికితే దిమ్మెలు ఎత్తి నడుం వాల్చవచ్చు, అదృష్టం బాగుంటే ఎకానమీయే బెర్తు. అయితే అదృష్టాన్ని నమ్ముకుని టికెట్టు కొనమని నేను చెప్పను. ప్రీమియం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బెర్తు కాదు. ఎక్స్‌ప్రెస్ బస్సుకూ సూపర్ లగ్జరీకీ ఉన్న తేడా అది. స్లీపర్ అనుకుని కొన్నవారు నిరాశపడతారు.

మరి ప్రీమియం ఎవరికి తగును? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. మోకాలు మార్పించుకున్నవారికి, నడుం నొప్పి ఉన్నవారికి, భారీ శరీరం ఉన్నవారికి, రాత్రంతా సాగే పన్నెండు గంటలకు పైబడిన ప్రయాణంలో అది విలాసం కాదు. నరాల్లో గడ్డ ఒకసారి వచ్చినవారు డాక్టరును అడిగి, మేజోళ్ళు, మందులు చూసుకుని వెళ్ళాలి. సీటు ఆ పని చేయదు. ఇరవై అయిదేళ్ళ కుర్రవాడు మొదటిసారి చదువుకు వెళుతూ ప్రీమియం కొంటే మాత్రం నాకు నచ్చదు. ఆ తేడా డబ్బు అక్కడ మొదటి నెల అద్దెకు పనికివస్తుంది.

ఒక మాట అనకుండా ఉండలేను. మనలోనే ఒక ఇంట్లో, పేరు చెప్పను, కొడుకు అత్తామామలకు ప్రీమియం, తల్లిదండ్రులకు ఎకానమీ కొన్నాడని ఏడాదిగా మాటల్లేవు. నేను వెళ్ళి ఆ అబ్బాయితో ఫోనులో మాట్లాడాను. వాడన్నది వినండి. "చాచా, అత్తమ్మ నాకు మోకాళ్ళు నొప్పిరా అని చెప్పింది. అమ్మీ అబ్బాలను మూడుసార్లు అడిగాను. మాకేం వద్దు, సీటు సీటే అన్నారు." ఆ మాట నేర్పింది నాలాంటివాళ్ళే గనుక నేను ఫోను పెట్టేశాను.

మూడో ప్రయాణం గురించి చెప్పి ముగిస్తాను. నిరుడు రెండో మనవరాలి కోసం వెళ్ళాం. ఇద్దరం ఎకానమీలోనే, ప్రీమియం ధర ఆ రోజు రెండింతల పైన ఉన్నది. ఆమెకు నడవా సీటు, పక్కన నేను. చేతి సంచిలో శాలువాలు కుక్కి గట్టిగా కట్టి ఆమె పాదాల కింద పెట్టాను, సరిగ్గా అయిదంగుళాల ఎత్తు, నేనే కొలిచి కుట్టించాను. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం దాన్ని పైన అరలో పెట్టాలి. ఫోనులో గంటగంటకు గంట పెట్టుకున్నాం. గంట మోగితే లేచి వెనుక వంటగది దాకా నడిచి, ఒక గ్లాసు నీళ్ళు తాగి రావడం. మధ్యలో నేను నిద్రపోయినా ఆమె లేచి వెళ్ళి వచ్చిందట. డల్లాస్‌లో దిగినప్పుడు పాదాలు చెప్పుల్లో పట్టాయి.

వచ్చే మార్చిలో మళ్ళీ ప్రయాణం ఉన్నది. ఈసారి అమ్మాయి ఫోను నాకు కాకుండా నేరుగా వాళ్ళ అమ్మీకి చేసి అడిగింది. పెద్ద ముక్కకు ఇద్దరికీ ప్రీమియం, ధర ఒకటిన్నర రెట్లు దాటకపోతేనే అని ఆమె చెప్పింది. దాటితే శాలువా సంచి ఎట్లాగూ ఉన్నది. అటువంటి సంచి కావలసినవారు సభ అయ్యాక నన్ను కలవండి, కొలత కాగితం రాసి ఇస్తాను. వచ్చేటప్పుడు మీ ఇంటావిడ కూర్చున్నప్పుడు మోకాలి నుంచి మడమ దాకా ఎన్ని అంగుళాలో కొలిచి తీసుకురండి.